ఎర్ర గీతకు అర్థం అడిగిన పోలికలక్క

ముప్పై మూడేళ్ళ క్రితం, ఆగస్టు పదకొండవ తేదీ ఉదయం, ఈ ఆసుపత్రి రక్తపరీక్షల ప్రయోగశాలలో కనిష్ఠ సాంకేతికురాలిగా చేరిన ఆమె, గాజుగొట్టాలు కడిగే కుళాయి ముందు నిలబడి, "ఈ నీళ్ళని ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించారా అండీ?" అని అడిగారట. అప్పటి విభాగాధిపతి ఆ పనీ ఆమెకే అప్పగించారు. నీళ్ళు నిక్షేపంగానే ఉన్నాయని తేలింది. కుతూహలం మాత్రం నేటి పదవీ విరమణ దినం వరకూ చల్లారలేదు.

తొలి పదేళ్ళు చక్కెర, కామెర్ల పరీక్షలతో గడిచాయి. పిమ్మట శిశువిభాగం ఆరంభమైనప్పుడు, పుట్టగానే ఊపిరి అందక అల్లాడే పసికందుల రక్తంలో ట్రోపోనిన్ కొలిచే బాధ్యత ఆమె చేతికి వచ్చింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి ఎక్కువగా జారే పదార్థమది. యంత్రంతో వచ్చిన కాగితంలోని హద్దు దాటిన ప్రతి అంకె కిందా ఎర్ర గీత గీసి పంపడం మా ఆనవాయితీ. చిక్కల్లా ఆ హద్దు పెద్దవాళ్ళది కావడమే. పసివాళ్ళ రిపోర్టులన్నిటికీ ఎర్ర గీతే పడేది. చూసీ చూసీ మూడంతస్తుల పైనున్న శిశువార్డువాళ్ళు దాన్ని పట్టించుకోవడమే మానేశారు.

అలా పదకొండేళ్ళు నడిచాక, ఒక ఉదయం రెండు రోజుల పాప నమూనా వచ్చింది. ఆమె యథాప్రకారం గీత గీసి పంపారు గానీ, అంకె మరీ పెద్దదనిపించి మనసు ఊరుకోలేదు. శిశువిభాగానికి ఫోను చేశారు.

"అక్కా, పసిపిల్లలకి అది ఎప్పుడూ ఎక్కువే కదా. కంగారు పడకండి," అన్నారు పిల్లల డాక్టరు.

"ఎక్కువే డాక్టరుగారూ. కానీ ఎవరితో పోలిస్తే?"

ఆమె ఫోను పెట్టేసి, ఆ ఉదయమే కామెర్ల పరీక్షకు వచ్చిన ఆరుగురు ఆరోగ్యవంతులైన శిశువుల నమూనాల్లో మిగిలిన చుక్కలను, విభాగాధిపతి అనుమతితో యంత్రానికెక్కించారు. ఆరూ హద్దు దాటాయి! డాక్టరు చెప్పింది నిజమే. అయితే ఆ ఆరింటిలో అన్నిటికంటే పెద్ద అంకెకు, ఈ పాప అంకె తొమ్మిది రెట్లు. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ కాగితం పట్టుకుని ఎక్కారు. గంటలోపే గుండె స్కానింగు అయింది. ఆ చిన్ని గుండె సగం బలంతోనే కొట్టుకుంటోందని తేలి, వెంటనే మందు మొదలుపెట్టారు. వరండాలో పాప తండ్రి అడ్డుపడి, "మా పిల్లకేమైందమ్మా?" అంటే, చెప్పే అధికారం తనకు లేక, "చూస్తున్నారు బాబూ, ఇప్పుడు బాగా చూస్తున్నారు," అని మాత్రం అనగలిగారు.

పన్నెండో రోజున పాప తల్లి ఒడిలో ఇంటికి వెళ్ళింది. మేమంతా మెచ్చుకుంటుంటే ఆమె ముఖం వాడిపోయింది. "ఈ పిల్ల సరే. పదకొండేళ్ళుగా గీసి పంపేసినవాటిలో ఇలాంటివి ఎన్ని పోయాయో! గీసింది నేనే కదా," అన్నారు. ఆ లెక్క నేటికీ తేలలేదు. ఆమె ఆ ప్రశ్నను మోస్తూనే, తల్లిదండ్రుల సమ్మతితో రెండేళ్ళపాటు రెండు వందల పన్నెండు మంది ఆరోగ్యవంతులైన శిశువుల అంకెలు సేకరించి, పసివాళ్ళకు పసివాళ్ళ హద్దే రిపోర్టులో అచ్చయ్యేలా చేశారు. నేడు ఎర్ర గీత అరుదు. పడితే వార్డు పరుగెడుతుంది.

'పోలికలక్క' అన్న పేరు ఆ డాక్టరు పెట్టిందే. ఇంట్లోనూ ఇదే వరసట. "కూరలో ఉప్పెక్కువైందంటే చాలు, ఎవరింటి కూరతో పోలిస్తే అంటుందండీ. నోరు మూసుకుని తినేస్తా," అని వారి శ్రీవారు మాతో మొరపెట్టుకున్నారు.

ఆమె విశ్రాంత జీవితం కుటుంబసమేతంగా ఆయురారోగ్యాలతో, ఏ రిపోర్టు మీదా ఎర్ర గీత పడకుండా నిండు నూరేళ్ళు సాగాలని మా అందరి ఆకాంక్ష. ఈ వాక్యం ముందుగా చదివి వినిపిస్తే, "నా వయసువాళ్ళకి హద్దెంతో కనుక్కున్నారా?" అని నవ్వారు. తరువాత కోటు జేబులోంచి ఎర్ర కలం తీసి, తన స్థానంలోకి వచ్చిన సాంకేతికురాలి చేతిలో పెట్టారు.

"గీత గీసేసి ఊరుకోకమ్మా. ఫోను చెయ్యి. ఎత్తకపోతే మెట్లెక్కు."