యలమంద బిగించిన నాలుగో కన్ను

యలమంద లేడూ, మన కోల్డ్ స్టోరేజి గేటు కాడ పన్నెండేళ్లు కర్ర పట్టుకుని కూకున్నాడే, ఆ యలమంద. ఆయనకేమైందంటే, ఒకనాడు పొద్దున్నే డ్యూటీకి పోతే గేటు మీద, గోడల మీద, మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించేకాడ, యాడ చూసినా తెల్లతెల్లగా కెమెరాలు బిగించి ఉన్నాయంట. మేనేజరు పిలిచి, ఇంక ఇంతమంది కాపలా మనుషులు అక్కర్లేదు యలమందా, ఆ కెమెరాలు చూసుకునేవాడు ఒక్కడుంటే చాలు, రేపట్నుంచి నువ్వు రాబాకు అన్నాడంట. ఈయన కర్ర గేటుకి ఆనించి, ఆ కెమెరా వంక ఓసారి చూసి, నా కూడు నువ్వు తింటావా, తిను తిను అని ఇంటికొచ్చాడు. వచ్చినోడు నెల రోజులు మంచం దిగలా. ఇంట్లో ఎట్టా గడవాల? పెళ్లాం పున్నమ్మ మిరపకోతలకి పోయింది. ఆ కోతలకి పోతే చేతులేమైతయ్యో మీకు నేను చెప్పాలా? సాయంత్రానికి మంటలెత్తి, మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూకునేది. అది చూళ్లేక ఈయన మొకం గోడ వైపు తిప్పుకునేవాడంట. కూకుని కూకుని ఒకనాడు పున్నమ్మే అన్నది, "మావా, ఆ కెమెరాలు దేవుడొచ్చి బిగించలా. ఎవరో మనిషే బిగించాడు. చెడితే బాగుచేసేది కూడా మనిషే. ఆ మనిషివి నువ్వెందుక్కాకూడదు?"

అట్టా అన్నదా, ఈయన మంచం దిగాడు. చిలకలూరిపేటలో అవి నేర్పే చోటు ఒకటుందంట. కెమెరాలు, దొంగొస్తే మోగే సైరన్లు, వేలు పెడితే తెరుచుకునే తాళాలు, ఇయ్యన్నీ బిగించేదీ బాగుచేసేదీ మూణ్ణెల్లు నేర్పి, చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. మొదటిరోజు పోయి వాకిట్లో నిలబడ్డాడు. బండ్లేసుకుని వచ్చిన కుర్రకారు ఈయన్ని చూసి, ఇక్కడి వాచ్‌మనేమో అనుకుని, హెల్మెట్లు చేతికిచ్చి లోపలికి పోయారంట. నవ్వమాక సీతారావమ్మా, ఆయనకెట్టా ఉంటది చెప్పు. ఆ హెల్మెట్లు చంకలో పెట్టుకునే పోయి వెనక బెంచీ మీద కూకున్నాడు. పాఠం చెప్పేది నస్రీన్ మేడం, మన చిలకలూరిపేట పిల్ల. ఈయనకి ఇంగ్లీషు మాటలు నోరు తిరగవు, లెక్కలు తలకెక్కవు. మానేద్దామా మానేద్దామా అనుకుంటానే రోజూ బస్సెక్కాడు. ఏమైందంటే, ఒకరోజు మేడం బోర్డు మీద గోడౌన్ బొమ్మ గీసి కెమెరా ఎక్కడ పెడతారు అని అడిగింది. గేటు మీద, గేటు మీద అన్నారంట అందరూ. ఈయన మెల్లిగా లేచి, "దొంగ గేటులోంచి రాడమ్మా. కుక్క తిరగని వైపు నుంచి వస్తాడు. పోయేటప్పుడు మటుకు గేటులోంచే పోతాడు, అప్పుడు బరువుంటది గదా" అన్నాడు. మేడం సుద్దముక్క కింద పెట్టేసి, ఇది నాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు బాబాయ్ అన్నదంట. ఆ రోజు నుంచి కుర్రకారు కూడా బాబాయ్ బాబాయ్ అని ఈయన పక్కనే చేరారు. ఇంగ్లీషు మాటలు వాళ్లు ఈయనకి చెప్పేది, దొంగల సంగతులు ఈయన వాళ్లకి చెప్పేది. మేడం నేర్పిన మాటల్లో ఒకటి మటుకు ఈయన నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసుకున్నాడు. టీవీలో బొమ్మ రాకపోతే ముందు కెమెరా కన్ను చూడాల, తర్వాత వైరు చూడాల, తర్వాతే బొమ్మలు దాచే పెట్టె చూడాల. కన్నుకి సాలెపురుగు గూడు కట్టినా బొమ్మ పోతదంట.

ఇంక పరీక్ష. ఒక్కొక్కళ్లూ ఒక్కో చోట నాలుగు కెమెరాలు బిగించాల, మూడు రోజులు అవి చెడకుండా ఆడాల, మూడోరోజు బయటూరి నుంచి సారొచ్చి చూసి సంతకం పెడతాడు. తప్పితే మళ్లీ ఆర్నెల్లు ఆగాల. ఆర్నెల్లంటే పున్నమ్మ చేతులు ఇంకో ఆర్నెల్లు మజ్జిగ గిన్నెలో ఉండాలన్నమాటే గదా. ఈసారి తప్పితే నేనింక పోను, ఏదో ఒక కూలికి పోతానని ఈయన ఇంట్లో చెప్పేశాడు కూడా. ఈయనకి మన పాలకేంద్రం పడింది. ఎంత చక్కగా బిగించాడనుకున్నారు! వైరు ఎక్కడా వేలాడకుండా, మేకు ఎక్కడా వంకర పోకుండా. నాలుగోది మనం పాలు పోసేకాడ, గుమ్మం మీద. రెండు రోజులు బొమ్మ అద్దంలో చూసినట్టే వచ్చింది. మూడోరోజు శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికి సారు, నస్రీన్ మేడం వచ్చారు. పాలు పోసినోళ్లం ఇంటికి పోతామా? అందరం అక్కడే నిలబడ్డాం. టీవీ పెడితే, కెమెరాకో గడి లెక్కన, మూడు గళ్లు బాగానే ఉన్నాయి. నాలుగో గడి మటుకు ఎర్రగా, మొత్తం ఎర్రగా, మందారప్పువ్వు అడ్డం పెట్టినట్టుంది అనుకోండి. ఏందయ్యా ఇది అన్నాడు సారు. యలమంద మొకంలో రక్తం లేదు. అరగంట టైమిస్తా, కనుక్కో అని సారు గడియారం చూసుకున్నాడు.

భయమొస్తే మనిషికి నేర్చుకున్నది గుర్తుంటదా? ముందు కన్ను చూడమంటే ఈయన ముందు పోయి పెట్టె మీద పడ్డాడు. నాలుగో వైరు తీసి ఒకటో దాంట్లో పెడితే ఎరుపు ఒకటో గడిలోకి పోయింది. అంటే పెట్టె బాగానే ఉంది. వైరు కొనలు కోసి కొత్తవి వేశాడు, అదే ఎరుపు. కరెంటు చూశాడు, బాగానే ఉంది. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఇరవై నిమిషాలైపోయినయ్యి. మాకందరికీ అయ్యో అయ్యో అని ప్రాణం కొట్టుకుంటంది, నేనైతే మనసులో కోటప్పకొండకి మొక్కుకున్నా. మేడం నోరెత్తకూడదు, పరీక్ష గదా. ఆవిడ కళ్లజోడు తీసి, చున్నీతో రెండద్దాలూ తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. కావాలనే తుడుచుకుందో ఊరికే తుడుచుకుందో ఆ తల్లికే తెలియాల. యలమంద అది చూశాడు. చూసి, చేతిలో వైరు అక్కడ పడేసి, నిచ్చెనేసుకుని గబగబా ఎక్కాడు. ఎక్కితే ఏముంది, కెమెరా అద్దానికి నిండా పసుపు రాసి, నడిమధ్యన రూపాయి బిళ్లంత కుంకం బొట్టు!

తువ్వాలుతో తుడిచాడు, నాలుగో గడిలో మేమందరం నోళ్లు తెరుచుకుని కనపడ్డాం. సారు అంతటితో వదల్లా. ఎవరు చేశారో చూపించు, అప్పుడు సంతకం పెడతా అన్నాడు. యలమంద పెట్టె నొక్కి పొద్దున్నే దాచుకున్న బొమ్మ వెనక్కి తిప్పాడు. ముందు బోర్లించిన పాల క్యాను, దాని మీదకెక్కే కాళ్లు, తర్వాత కొప్పు, తర్వాత టీవీ నిండా ఒక మొకం, ఏదో గొణుగుతా ఉన్న నోరు, ఆనక బొటనవేలు. అంతే, పసుపు, ఎరుపు. ఆ మొకం ఎవరిదంటారా? దాపరికమేముంది, నాదే. నేను పెట్టిన బొట్టుకీ టీవీలో ఎరుపుకీ లంకె ఉందని నాకేం తెలుసు? ఎందుకమ్మా ఇట్టా చేశావని సారు అడిగితే చెప్పా. "కొత్త వస్తువొస్తే బొట్టు పెట్టమా సారూ? ట్రాక్టరుకి పెట్టాం, ఫ్రిజ్జుకి పెట్టాం, ఈ పాల మిషనుకీ పెట్టాం. శుక్రవారం గదా, యలమంద పరీక్ష బాగా జరగాలని దీనికీ పెట్టా. దీనికి మొకమంతా కన్నే, నుదురు యాడుందని పెట్టను?" సారు కడుపు పట్టుకుని నవ్వి, ఆ నవ్వుతోనే సంతకం పెట్టాడు. యలమంద నేనెక్కిన ఆ క్యాను మీదే కూలబడి, తువ్వాలు మొకానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మయ్య, అమ్మయ్య అని నాకూ కళ్లెంబడి నీళ్లు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా మిరపచేలోకి పోయాడంట. గట్టు మీద నిలబడి, "పున్నీ, ఇంక బుట్ట దించు" అన్నాడంట. ఆమె అక్కడికక్కడే దించేసింది.

ఇప్పుడు ఆ కోల్డ్ స్టోరేజిలో కెమెరాలన్నీ ఈయన చేతికిందే. రాబాకు అన్న మేనేజరే యలమంద గారూ అని పిలుస్తన్నాడు. పున్నమ్మ ఇంట్లో మజ్జిగ ఇప్పుడు అన్నంలోకే. ఈయన ఎక్కడ కెమెరా బిగించినా వెనకమాల గొట్టానికి తనే ఒక బొట్టు పెట్టి, ఇదమ్మా దీని నుదురు, మీకు పెట్టాలనిపిస్తే ఇక్కడే పెట్టండి అని చెప్పి మరీ దిగుతాడు. ఇంక నా సంగతంటారా, టీవీలో మన ఊళ్లో ముందు పడ్డది నేనే. రోజూ పాలు పోసేటప్పుడు కొంగు సర్దుకుని ఓసారి పైకి చూస్తా. అది బిగించాక నా పాలల్లో నీళ్లున్నాయని ఒక్కళ్లన్నా అన్నారా, మీరే చెప్పండి.