ఎగచేపు

అలా సీసా వంక చూడకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. మీరు చూసేకొద్దీ అది ఇంకా ఖాళీగా కనిపిస్తోంది.

ఏంటి, ఇంకో గ్లాసు తాగాలా? పొద్దుట్నుంచి తాగుతూనే ఉన్నాను కదా. ఈ పాలు లాగే పంపు చూడండి, గురక పెట్టినట్టు ఒకటే చప్పుడు. లాగుతుంది, లాగుతుంది, సీసా అడుగైనా తడవదు. రొమ్ములేమో రాళ్ళయిపోయాయి, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. పాలు లేక కాదండీ. ఉన్నాయి. దిగడం లేదు.

మీకు తెలీనిదా? గేదెల్ని మేపి ఇల్లు నడిపినవారు. కొత్తమనిషి వచ్చి పొదుగు మీద చెయ్యేస్తే గేదె ఎగచేపేస్తుందని, ఉన్న పాలన్నీ పైకి బిగబట్టేస్తుందని మీరే చెప్పేవారు. అప్పుడేం చేసేవారు? కొట్టేవారా? దూడను పొదుగు దగ్గరికి విడిచి, చేపు వచ్చి పాలు దిగేదాకా పక్కన నించునేవారు. గేదెకి చూపిన ఓపిక కోడలికి చూపించరేం?

నాకే నవ్వొస్తోందిలెండి. పదో తరగతి పిల్లలకి ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. బిడ్డ నోరు పెడితే ఆ కబురు మెదడుకి వెళ్తుంది, మెదడు ఆక్సిటోసిన్ వదుల్తుంది, అది రక్తంలో కలిసి వచ్చి పాల తిత్తుల్ని పిండుతుంది, పాలు చిమ్ముతాయి. బిడ్డ ఏడుపు చెవిన పడ్డా చాలు. తల్లి భయపడితే మాత్రం ఆ హార్మోను సరిగ్గా రాదు, అని. పిల్లలు చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్నారు. టీచరమ్మ మెదడుకే ఎక్కలేదు.

భయపడొద్దంటారా? డాక్టరుగారు అన్నది మీరూ విన్నారుగా. డబ్బా పాలు పాపకి పడలేదు, పొట్ట ఉబ్బిపోయింది. నెలలు నిండని పిడికెడు పిల్ల. ఇక తల్లిపాలే పట్టాలి, సాయంత్రంలోగా ఎలాగైనా కాసిని పంపమన్నారు. ఆ మాట అని, ఆ నోటితోనే "మీరు మాత్రం ప్రశాంతంగా ఉండాలమ్మా" అన్నారు. కింద మంట పెట్టి చల్లగా ఉండమన్నట్టు. మీ అబ్బాయేమో వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఫోన్లో అడుగుతున్నారు, వచ్చాయా, వచ్చాయా అని. ఎలా వస్తాయండీ?

వెళ్ళి దాన్ని చూసి రమ్మంటారు. చూశాను. గాజు పెట్టెలో, నోట్లో ఊపిరి గొట్టంతో పడుకుంది. ముఖం ముడుచుకుంటుంది, ఏడుస్తోందని తెలుస్తూనే ఉంటుంది, గొట్టం వల్ల చప్పుడు బయటికి రాదు. నా పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలీదు అత్తయ్యా. దాన్ని చూస్తే నాకు పాలు రావడం లేదు, చెమటలు పడుతున్నాయి.

ఇంకోటి చెప్తాను, మీ అబ్బాయికి చెప్పకండి. ఇందాక మీరు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు పక్క గదిలో బిడ్డ ఏడ్చింది. గట్టి పిల్ల, ఆకలికి ఆగలేని ఏడుపు. నాకు ఒళ్ళు జివ్వుమంది. చూసుకునేసరికి జాకెట్టు తడిసిపోయింది, రెండు వైపులా. నేను పంపు అందుకునేలోపే ఆ తల్లి పాలిచ్చినట్టుంది, ఏడుపు ఆగింది. నావీ ఆగిపోయాయి.

పరాయి దూడ దగ్గరికొస్తే గేదె కూడా కాలితో తన్నేస్తుంది. నాకు ఆపాటి జ్ఞానం కూడా లేకపోయింది. కన్నబిడ్డకి చుక్క రాల్చలేనిదాన్ని, ఎవరి బిడ్డకో కార్చుకున్నాను. సిగ్గేసింది. మీరొచ్చేలోపు జాకెట్టు మార్చేసుకుని, ఏమీ రాలేదని చెప్పాను.

ఏడవకండి, మీరు చెయ్యాల్సిన పనుంది. ఆ పక్క గదికి వెళ్ళండి. ఆవిడకి ఏం చెప్తారో, కాళ్ళే పట్టుకుంటారో మీ ఇష్టం. ఈసారి బిడ్డ ఆకలికి లేచినప్పుడు మధ్య తలుపు తీసి పెట్టమనండి. రొమ్ము అందించే ముందు ఒక్క నిమిషం ఆగమనండి.

పాపమే, నాకు తెలుసు. కానీ నా పిల్ల ఆకలి కూడా ఇప్పుడు ఆ పిల్లే ఏడవాలి.