నాన్న చేతిరాత

బడి హాలు పక్క వరండా, పతకాలిచ్చే రోజు పొద్దున. ప్రిన్సిపాల్ సిస్టర్ కన్సుయెలో, పదో తరగతి జోవెలిన్ వాళ్ళమ్మ లూజ్వీ.

"చెప్పులు బాగాలేవని కదూ ఇక్కడ నిలబడిపోయావు? నావి ఇస్తాను, వేసుకో. రా లోపలికి."

"చెప్పుల సంగతి కాదు సిస్టరమ్మా. వస్తాను. స్టేజీ ఎక్కి దాని మెడలో పతకం నేనే వేస్తాను. వాళ్ళ నాన్న వెయ్యాల్సింది. సరే, నేనే వేస్తాను."

"మరింకేం?"

"ఆ ఉత్తరం మాత్రం చదవొద్దు."

"మళ్ళీ అదే మాట."

"మళ్ళీ అదే. అదొక్కటి ఆపండి. దాని మార్కులు చదవండి, గుడిలో పాటలు పాడిందని చదవండి, ఏమైనా చదవండి."

"లూజ్వీ, ఈ పతకం మార్కులకీ పాటలకీ కాదమ్మా. క్రీస్తు చెప్పినట్టు బతికిన పిల్లకి. బడి మొత్తానికి ఏడాదికి ఒక్కరికే. తండ్రి జనాన్ని ఎక్కించుకుని నడిపే జీప్నీ బండి కింద రొట్టెలమ్మే ముసలాయన పడి చనిపోయాడు. ఆపకుండా వచ్చేశాడు మీ ఆయన. పక్క సీట్లో కూచుని చూసిన పిల్ల తనంతట తను వచ్చి నాకు చెప్పింది. ఆ వయసులో నేనైతే చెప్పేదాన్నా?"

"చెప్పింది. మీరు పోలీస్ స్టేషన్ దాకా దాని చెయ్యి పట్టుకుని వెళ్ళారు. నేను కాదన్నానా?"

"నా మీద కోపముంటే అనెయ్."

"ఉంది. మొదట్లో రోజంతా ఉండేది. ఇప్పుడు చేపలు ఎండేసుకుంటూ, తీసుకుంటూ ఉంటే ఆ కోపానికీ తీరిక దొరకట్లేదు. సిస్టరమ్మా, కాగితాలు ఫాదర్ చేతికి వెళ్ళిపోయాయి. వెళ్ళి ఆ ఒక్కటీ తీసేసుకోండి."

"కారణం చెప్పకుండా తీసేసుకోమంటే ఎలా? ఊళ్ళో మీ ఆయన క్రిసాంతోని ఏమంటున్నారో నాకు తెలియదనుకున్నావా? మనిషిని తొక్కి పారిపోయాడంటున్నారు. కూతురు బడివాళ్ళ రిట్రీట్ ప్రార్థనలకి వెళ్తే ఆయన ఎలాంటి ఉత్తరం రాసి పంపాడో వింటే ఆ నోళ్ళు మూతపడతాయి. నేను చదువుతూ ఏడ్చాను తెలుసా?"

"తెలుసు. జోవెలిన్ చెప్పింది."

"'నీ గుండె మీద ఏ బరువున్నా దించెయ్ తల్లీ. నిజం చెప్పడానికి నాకు భయపడకు. ఏం జరిగినా నేను నీ వెంటే ఉంటాను.' ఇలా రాసిన తండ్రి చెడ్డవాడెలా అవుతాడు? ఆ ముక్క చదివాకే కదా పిల్లకి ధైర్యం వచ్చింది?"

"ఆ ముక్క చదివాకే."

"తప్పు చేశాడు, ఒప్పుకునే ధైర్యం లేకపోయింది, కూతురికి దారి చూపించాడు. అంతకంటే ఏం కావాలి?"

"అదీ అలాగే అంటుంది. నాన్నే చెప్పమన్నాడమ్మా, తన నోటితో చెప్పలేక నాచేత చెప్పించాడు, అంటుంది. ఆ మాట మీదే అన్నం తింటోంది, ఆ మాట మీదే పడుకుంటోంది. ఉత్తరం ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని తిరుగుతుంది."

"చూశావా మరి."

"ఆదివారం ఆదివారం నాతో జైలుకొస్తుంది. గేటు దగ్గర కూచుంటుంది. నన్ను చూస్తే నాన్నకి ఏడుపొస్తుంది, అందుకే లోపలికి రానివ్వట్లేదు, అంటుంది. అంతేనే అంటాను."

"అంతే కదా?"

"ఫాదర్ మొదలుపెట్టేస్తారు సిస్టరమ్మా, త్వరగా వెళ్ళండి."

"లూజ్వీ, అంతే కదా?"

"దాని మొహం నాకు చూపించకు, అన్నాడు. నా కూతురు చచ్చిపోయిందనుకుంటాను, అన్నాడు. నాలుగు నెలలుగా అదే మాట."

"అదేమిటి? చెప్పమని రాసింది తనే అయితే..."

"వెళ్ళండి సిస్టరమ్మా, బతిమాలుకుంటున్నాను, ఆపేయండి. కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు వదులు. లే, లే ముందు. ఆ ఉత్తరం ఆయన రాసింది కాదా? చేతిరాత ఆయనదేనని పిల్ల చెప్పింది."

"చేతిరాత ఆయనదే."

"మరి?"

"మీరు ఈ ఏడే కదా ఈ బడికొచ్చారు. రిట్రీట్‌కి ముందు ఇంటింటికీ ఒక కాగితం పంపుతారు, తల్లిదండ్రులు పిల్లలకి ఉత్తరం ఎలా రాయాలో. అచ్చేసి ఉంటుంది. పేరు దగ్గర చుక్కలుంటాయి."

"నమూనా కదా అది. దాన్ని చూసి సొంత మాటల్లో రాయమనే కదా..."

"సొంత మాటల్లో రాయమనే ఉంది, కింద. ఆయన నాలుగో తరగతి. నాకు సంతకం వచ్చు, అంతే. మాకు సొంత మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అచ్చులో ఉన్నది మా మాటలకంటే బాగుంటుంది కదా అనుకున్నాం. అక్షరం పొల్లుపోకుండా చూసి దించాడు. చెమట అంటిందని రెండు కాగితాలు చించేసి మళ్ళీ రాశాడు. దాని మీద ప్రేమతోనే రాశాడు, అది మాత్రం అబద్ధం కాదు. ముసలాయన సంగతి అప్పుడు ఆయన మనసులో ఉందో లేదో, ఆ మాటలు తన మెడకే చుట్టుకుంటాయని ఎలా తెలుస్తుంది?"

"ఈ మాట నాకు నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు టీచరమ్మని పిలిచి అడుగుతారు. టీచరమ్మ పిల్లల ముందు అంటుంది. దానికి తెలిసిపోతుంది. తెలిస్తే అదింక ఏం పట్టుకుని బతకాలి? నాన్న చెప్పమనలేదు, నేనే నాన్నని పట్టిచ్చాను అనుకుంటుంది. అనుకోవడమేంటి, అదే నిజం."

"అయినా ఫాదర్ చదివితే మాత్రం ఎవరికి తెలుస్తుంది?"

"హాల్లో ఉన్నవాళ్ళంతా ఎవరు సిస్టరమ్మా? మాలాంటి తల్లులే. ముగ్గురేసి పిల్లలకి మూడేసిసార్లు అదే ఉత్తరం దించినవాళ్ళున్నారు."

"దేవుడా. ఉండు, నేను వెళ్ళి ఆపుతాను."

"ఫాదర్ మైకు అందుకున్నారు."

"ముందు పిల్ల పేరు చదువుతారు, ఇంకా టైముంది. అడ్డు తప్పుకో."

"టైము లేదు. వినండి."

"ఇదేమిటి, ఆయన ఒక్కరి గొంతు కాదే. ఎవరో ఆడవాళ్ళు..."

"తల్లులు. మొదటి ముక్క ఆయన చదివారు, మిగతాది వాళ్ళు అందుకున్నారు. గుడిలో మంగళవార్త జపం చెప్పినట్టు అందరూ కలిసి చెప్పేస్తున్నారు. పాపం, మంచి మనసుతోనే."

"జోవెలిన్? నాకు ఇక్కణ్ణుంచి కనపడట్లేదు. జోవెలిన్ ఏం చేస్తోంది?"

"ఇందాక నవ్వింది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఒక్కొక్కళ్ళ పెదాలు చూస్తోంది."