కొట్టనని చెప్పండి

హలో… ఆ, నేనే. త్వరగా చెప్పండి, చేతులనిండా రంగుంది. ఫోను మా పార్లర్ అక్క నా చెవి దగ్గర పట్టుకుని నిలబడింది…

ఏంటి? … గువ్వకి వాంతులా? ఎన్నిసార్లు?

మళ్ళీనా? … మంచం మీదేనా?

సరే, దుప్పటి సంగతి నేనొచ్చాక చూస్తాను. అదెలా ఉందో చెప్పండి.

…

ఏమండీ, నేనడిగింది దుప్పటి గురించి కాదు.

…తెలుసు. రాత్రి డ్యూటీ చేసొచ్చారు. కన్ను అలా మూతపడిందో లేదో లేపేసింది. ఇద్దర్నీ పెట్టుకుని పడుకోవడం కుదరదు, ఒప్పుకుంటాను… కానీ పొద్దున నేను బయల్దేరేటప్పటికి బానే ఉంది కదా. తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టుకుని బొమ్మలతో ఆడుకుంటోంది.

ఏం తింది?

…అన్నమేనా? ఇంకేం తినలేదా?

మట్టా? మూడో అంతస్తులో మట్టెక్కడిది… ఓ, పూలకుండీలోదా. తింటుంటే మీరు చూశారా?

…చూళ్ళేదు. మరి?

గోళ్ళలో మట్టుందా? ఆ గోళ్ళు నేను మొన్ననే తీశాను. … తీశానండీ! ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీస్తుంటే అది ఏడ్చింది, మీరు టీవీ ముందునుంచి ‘ఆ గోలేంటి’ అన్నారు. గుర్తులేదా?

…చేతులు కడిగించడం నా ఒక్కదాని పనా? కుళాయి మీకు అందదా?

…

సరే. సరే. ఈ గొడవ ఇప్పుడొద్దు.

మేడమ్, ఒక్క నిమిషం… సారీ మేడమ్, ఇంట్లో పాపకి వాంతులు. వెనకవైపు రంగు కాసేపాగి వేసినా ఏం కాదు.

ఏమండీ, ఉన్నారా? వాంతి ఏ రంగులో ఉంది?

చూడండి. … ముక్కు మూసుకునైనా చూడండి.

…

ఎర్రగానా?

ఎర్రగా అంటే… రక్తంలాగానా, రంగు నీళ్ళలాగానా?

…తుప్పు నీళ్ళలా.

ఏమండీ. కిటికీ గట్టు మీద నా మాత్రలుంటాయి. ఒంట్లో రక్తం తక్కువుందని డాక్టరమ్మ రాసిచ్చినవి… ఆ, ఆ ఎర్ర బిళ్ళలే. ఉన్నాయా చూడండి.

…

దువ్వెన పక్కన. … అద్దం వెనక.

…

లేవా.

కింద వెతకండి. దిండు కింద, బొమ్మల బుట్టలో… కాస్త త్వరగా.

…

దొరికిందా! అట్టలో ఎన్నున్నాయి?

…ఒక్కటీ లేదా?

అక్కా, ఆగు. గ్లవుజులు తీసేస్తున్నా. ఫోనిటివ్వు.

ఏమండీ, అది కొత్త అట్ట. పది బిళ్ళలు. నేను రాత్రి ఒక్కటే వేసుకున్నాను. గువ్వని అడగండి, ఎన్ని మింగిందో… చెప్పట్లేదా? ఎక్కడుంది?

మంచం కిందా? అక్కడికెందుకు దూరింది?

…

ఎందుకు దూరిందండీ?

…

కొట్టారా.

…వీపు మీద. ‘ఒక్కటే.’ వాంతి చేసుకున్న పిల్లని.

…లేదు, నేనేమీ అనట్లేదు. అనడానికి నాకు నోరు రావట్లేదు.

…మొండిది కాదండీ. భయపడింది. అబద్ధం చెప్తే కొడతారు, నిజం చెప్పినా కొడతారు. ఇంక అది నోరెందుకు తెరుస్తుంది?

అక్కా, నీ ఫోన్లోంచి మా ఇంటి దగ్గరున్న పిల్లల ఆసుపత్రికి చెయ్యవా… నంబరు అద్దానికి అంటించుంది చూడు, నేనే అంటించాను. రక్తం పట్టే మాత్రలు, ఐదేళ్ళ పాప అని చెప్పు. ఏం చెయ్యాలో అడుగు.

ఏంటండీ? … ఉప్పునీళ్ళా? వద్దు! ఆగండి, ఏమీ తాగించకండి. అక్క అడుగుతోంది… ఆ… కక్కించొద్దంటున్నారు. పాలూ వద్దట, ఏమీ వద్దట. ఉన్నదున్నట్టు తీసుకొచ్చెయ్యమంటున్నారు. ఆ ఖాళీ అట్ట జేబులో పెట్టుకోండి.

…ఆగిపోయాయా? వాంతులాగితే తగ్గినట్టు కాదండీ. కాసేపు బానే ఉన్నట్టు ఉంటారట, లోపల మాత్రం పాడవుతూనే ఉంటుందట. ఇప్పుడే చెప్తున్నారు అక్కతో.

…పడుకోబెడితే సర్దుకుంటుందా? ఎవరు చెప్పారు మీకు? … మీ చిన్నప్పుడు మీరేం తిన్నారో నాకనవసరం.

…

నువ్వు నోరు ముయ్యి ముందు!

…ఆ, అన్నాను. తర్వాత ఎంత కావాలంటే అంత తిట్టుకుందురుగాని. ఇప్పుడు నే చెప్పింది చెయ్యండి. కింది ఇంట్లో వ్యాను నడిపే తమ్ముడు ఈ వేళకి భోజనానికి వస్తాడు. బాల్కనీలోంచి కేకెయ్యండి.

…

ఉన్నాడా? అన్నం మధ్యలోనా… లేచాడా? చల్లగా ఉండాలి. బండి తిప్పి పెట్టమనండి.

ఆ, అక్కా? … ఎన్ని మింగిందో అడుగుతున్నారా? అది తెలిస్తే ఎంత మందు ఇవ్వాలో చూసుకుంటారట. ఏమండీ, విన్నారా? దాన్ని బయటికి రప్పించే ముందు అడగాలి.

లాగకండి! కాలు పట్టి లాగకండి, మంచం కోడుకి తల కొట్టుకుంటుంది!

కింద కూర్చోండి. … నేల తడిగా ఉంటే ఉండనీ. స్పీకర్లో పెట్టి ఫోను మంచం కిందకి జరపండి.

గువ్వా… అమ్మనమ్మా. … వినబడుతోందా బంగారూ? అమ్మ తిట్టదు. ఎర్ర బిళ్ళలు తిన్నావా తల్లీ? … గువ్వా?

…

…

ఏమండీ, ఫోను తీసుకోండి. నాతో మాట్లాడదు. దాని కళ్ళకెదురుగా మీ కాళ్ళున్నాయి. ఆ కాళ్ళు చూస్తూ నాతో ఏం మాట్లాడుతుంది? మీరే మాట్లాడాలి. కొట్టనని చెప్పండి.

…

అలా కాదండీ. ‘చెప్తావా చెప్పవా’ అనే గొంతుతో ‘కొట్టను’ అంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

…ఏం చెప్పాలో నన్నడిగితే ఎలా? … మీకిప్పుడెలా ఉంది? … భయంగా ఉందా? అదే చెప్పండి దానికి. నాన్నకి భయమేస్తోందని చెప్పండి.

…పరువు పోతుందా? ఐదేళ్ళ పిల్ల ముందా?

…

…

ఏమండీ? ఏంటా చప్పుడు? … మీరూ దూరారా? ఆ మంచం కింద పడతారా మీరు… సరే, సరే. నేను మాట్లాడను.

…

…

అక్కా, ఉష్… ఏదో చెప్తోంది.

…

ఏమంది? … ఎలుగుబంటి బొమ్మకా? … ఎలుగుబంటికి రెండు పెట్టింది. నోట్లో పట్టకపోతే సోఫా సందులోకి తోసింది. సరే. మరి తనెన్ని తింది? … లెక్క రాకపోతే వేళ్ళు చూపించమనండి.

…

నాలుగు వేళ్ళు. అక్కా, నాలుగని చెప్పు వాళ్ళకి.

…ఏమండీ, ఇంకా మిగలాలి. నాలుగూ రెండూ ఆరే కదా. మిగిలినవేం చేసిందట? … మెల్లిగా. మెల్లిగా అడగండి.

…

ఏమంది?

…

మళ్ళీ చెప్పండి.

…తమ్ముడికి.

చంటోడికి పెట్టింది. ఎలుగుబంటి తినలేదు, తమ్ముడు తిన్నాడు అందా.

చంటోడెక్కడ? … నిద్రా? ఎంతసేపట్నుంచి?

లేపండి. … అది ఉత్త నిద్రో కాదో మీకెలా తెలుసు, లేపండి! ఎత్తుకోండి. బుగ్గ మీద తట్టండి.

…

నాన్నా! చంటీ! … ఏమండీ! మాట్లాడండి! ఏమండీ!

…

…

అదెవరు? వాడేనా ఏడ్చేది? … వాడేనా!

ఏడవనీ. ఊరుకోబెట్టకండి. ఏడవనీ.

నోరు తెరిచి చూడండి… నాలుక ఎర్రగా ఉందా. తిన్నాడు. అది చెప్పింది నిజమే. అక్కా, ఇద్దరు పిల్లలని చెప్పు వాళ్ళకి… రెండోవాడికి ఏడాదిన్నర… మూడు బిళ్ళలు… అక్కా, త్వరగా చెప్పు.

…గువ్వని ఏమీ అనకండి. దాని ముఖం చూసి ఒక్క మాట కూడా అనకండి. అది చెప్పకపోతే వాణ్ణి నిద్రలోనే ఉంచేసేవాళ్ళం. … మంచిదానివి అని చెప్పండి. చెప్పినందుకు మంచిదానివని.

…మీకేడుపొస్తే ఏడవండి. మెట్లు మాత్రం చూసుకుని దిగండి.

అక్కా, నేనెళ్ళాలి… ఏంటి మేడమ్? … కారా? మీ తలండీ, తలంతా రంగు! ఇప్పుడు కడగకపోతే ఎలా తేలుతుందో నేను చెప్పలేను… తువ్వాలు చుట్టుకుంటారా? … సరే మేడమ్. సరే. నా చెప్పులు… ఇవి కాదు… ఏవైతేనేం.

…

హలో? ఉన్నారా? కట్ చెయ్యలేదు కదా. నేను కారెక్కాను. మా మేడమ్‌దే… ఆ, తలకి రంగుతోనే. ఎక్కడిదాకా వచ్చారు?

వంతెన దాటారా. గువ్వ మెలకువగా ఉందా? దాంతో మాట్లాడుతూ ఉండండి.

…ఏమంటోంది?

…ఏం చాక్లెట్లు?

…

అమ్మ చెప్పిందన్నదా.

…నిజమే. దాని ఎర్ర బలం బిళ్ళ మింగనని అది మొరాయిస్తుంటే, ఎర్ర చాక్లెట్ అని చెప్పి నోట్లో పెట్టేదాన్ని. పార్లర్‌కి ఆలస్యమవుతోందని. రోజూ అదే మాట. … మీరేమీ అనలేదు, తెలుసు. నేనే అంటున్నాను. నేను అబద్ధం చెప్పాను, మీరు చెయ్యెత్తారు. దాన్ని ఆ మంచం కిందకి మనిద్దరం కలిసే తోశాం.

మేడమ్, ఆ లైటు దగ్గర ఎడమకి…

…చేరారా! అట్ట ఇచ్చారా? … నర్సమ్మ చూస్తోందా. ఫోను జేబులో వేసుకోండి, కట్ చెయ్యకండి. నేను వింటూ ఉంటాను.

…

…

ఏమండీ? ఆ గొంతు డాక్టరుగారిదా? … పాపనే అడుగుతున్నారా? మీరు మధ్యలో చెప్పకండి. దాన్నే చెప్పనివ్వండి. … చెప్తోంది. వింటున్నాను. నాకు వినబడుతోంది.

…

…

ఆ, చెప్పండి. … ఫొటో తీశారా పొట్టకి? బిళ్ళలు కనబడుతున్నాయా? … దానికి కరిగీ కరగకుండా మూడు. వాడికి రెండే? మూడోది ఎక్కడో ఉమ్మేసుంటాడు. ఉమ్మేసే ఉంటాడు, వాడికేది పెట్టినా అంతే… నవ్వట్లేదండీ, ఏడుస్తున్నాను.

కడుపులోంచి ఎలా తీస్తారట? … గొట్టంలోంచి మందు పంపి కిందకి తోసేస్తారా. నొప్పేస్తుందా? … సరే. సూది మందు ఒకటి రేపటిదాకా ఎక్కుతూనే ఉంటుందా. ఉందాం. ఎన్నాళ్ళుండమంటే అన్నాళ్ళుందాం.

…ఆయన ఆ మాటే అన్నారా? మళ్ళీ చెప్పండి. ఆయనన్నట్టే చెప్పండి.

…

‘పాపకి భయం లేదు. చిన్నవాడి సంగతీ వేళకి తెలిసింది కాబట్టి వాడికీ లేదు.’

మేడమ్… భయం లేదన్నారట. ఇద్దరికీ.

…ఊఁ. వింటున్నాను. … గువ్వతో ఏం మాట్లాడాలని నన్నడగకండి. దాన్నే అడగండి, వీపు ఇంకా నొప్పిగా ఉందా అని.

…

ఏమంది? … ‘కొంచెం’ అందా.

మరి సారీ చెప్పండి. … ఆ, పిల్లలకి కూడా చెప్తారు. … ఎవరూ చూడకపోతే చెప్తారా? నర్సమ్మ చూస్తే చూడనీ.

…

…

చెప్పారా. ఏమంది? … ఏమీ అనలేదా. అనకపోతే పోనీ. వెంటనే మరిచిపొమ్మంటే ఎలా మరిచిపోతుంది? నాకూ ఉంది చెప్పాల్సింది. అవి చాక్లెట్లు కాదని, అమ్మే తప్పు చెప్పిందని. ముఖం చూసి చెప్తాను, ఫోన్లో కాదు.

ఇక్కడే మేడమ్, ఇక్కడే ఆపండి… మీరు ముందు వెళ్ళి తల కడుక్కోండి మేడమ్, దణ్ణం పెడతాను. … లోపలికి వస్తారా? ఆ తువ్వాలుతోనా?

హలో. మెట్ల దగ్గరున్నాను. ఎటు? … కుడివైపు, నీలం తలుపు. … వరుసగా మంచాలున్నాయి…

కనబడ్డారు. చివర్న కదా… ఆ, నేనే, చూశాను. చెయ్యి ఊపకండి.

ఊపకండి అన్నానా. మీ వేలు పట్టుకునుంది అది. … అలాగే ఉండనివ్వండి. నేనే వస్తున్నా.

పెట్టేస్తున్నా.