నక్షత్రం దాటిన తీగ: లల్లా బతూల్ గారికి అభినందన

1988 అక్టోబరు మూడవ తేదీన మన ఫెజ్ నగర ముద్రణశాల చిత్రరచనా విభాగంలో సహాయకురాలిగా లల్లా బతూల్ గారు పదవీబాధ్యతలు స్వీకరించారు. కాగితాల గదిలో పనిచేసే నాకు పెద్ద చదువు లేదు. ఆమెను గురించి నన్ను రాయమన్నప్పటి నుంచీ ఎక్కడ ఏ తప్పు దొర్లుతుందోనని గుండె దడగానే ఉంది, పెద్దలు మన్నించగలరు.

తొలి సంవత్సరాలలో పాత గోడల పలకల మీది నక్షత్రాలకు నకళ్ళు తీసిన ఆమె, అనతికాలంలోనే స్వయంగా రూపకల్పన చేసే స్థాయికి ఎదిగి, 2003లో విభాగాధిపతి అయ్యారు. ముందుగా వృత్తలేఖినితో, కొలబద్దతో నక్షత్రాల అల్లికను నిర్మించి, ఆ పనిముట్లను సొరుగులో పెట్టేసి, ఆకులనూ తీగలనూ ఉత్త చేతితో గీయడం ఆమె పద్ధతి. ఆకు నక్షత్రపు గీతను దాటరాదన్నది ఆమె శాసనం. "నక్షత్రం ఇల్లు, ఆకు అందులో మనిషి. మనిషి గోడలోంచి నడుస్తాడా?" అనేవారు.

మా అమ్మాయి ఇహ్సాన్ ఆరేళ్ళ క్రితం ఆమె వద్ద తాత్కాలికంగా చేరింది. ఒక ప్రసూతి వైద్యశాలకు పండుగలోగా పంపవలసిన చిత్రాలు బాగా వస్తేనే ఉద్యోగం ఖాయమని యజమాని సీ మక్కీ గారు చెప్పారు. వాన రోజుల్లో నక్షత్రాల రంగు అచ్చు వేశారు. అంతలో ఎడారి వేడిగాలి మొదలైంది. ఆ గాలి వీచేటప్పుడు గుమ్మాలకు తడిబట్టలు కట్టి, కాగితానికి విశ్రాంతినిచ్చి గానీ రెండో రంగు వేయం. పండుగ ముంచుకొస్తోందన్న తొందరలో ఇహ్సాన్ ఆకుల రంగు వేసేసింది. కాగితం కుంచించుకుపోయి ఉండటంతో ఆకులు ఒకవైపు గీత మీదికెక్కాయి, మరోవైపు తెల్లటి సందులు మిగిలాయి. ఆ రకం కాగితం మళ్ళీ పండుగ దాటితే గానీ రాదు. ఉద్యోగం పోయినట్టే, ఇక ఈ ఊళ్ళో దీనికి పని ఇచ్చేదెవరు, దిగులుతో మంచం పడుతుందేమోనని అంతదూరం ఆలోచించి లల్లా బతూల్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"లల్లా, తిట్టండి, కావాలంటే రెండు తగిలించండి, సీ మక్కీకి మాత్రం చెప్పకండి!"

"రహ్మా, నువ్వు ముందు బయటికి నడు. నీ కన్నీళ్ళకి మిగిలిన కాగితం కూడా పాడయ్యేట్టుంది" అని, ఇహ్సాన్ వైపు తిరిగారు. "కాగితం కుంచించుకుపోయింది సరే, నువ్వెందుకే అలా కుంచించుకుపోయావ్? కలం తియ్యి. ఆకు ఎలాగూ గోడ దూకేసింది. వెనక్కి లాగకు, ఎటు పోవాలనుకుంటోందో గియ్యి."

"మరి మీ నియమం, లల్లా?"

"నా నియమం సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు తీగ సంగతి చూడు."

తెల్లటి సందు పడిన ప్రతిచోటి నుంచీ మా అమ్మాయి మూడవ రంగుతో ఒక సన్నని తీగను మొలిపించి, పక్క నక్షత్రంలోకి పాకించింది. చిత్రాన్ని చూసిన సీ మక్కీ గారు ఆశ్చర్యపోయారు.

"ఇదేంటి లల్లా! ఇన్నేళ్ళూ ఆ గీత మీద మా ఊపిరి కూడా తగలనివ్వలేదు మీరు!"

"కాగితం కుంచించుకుపోతుంటే గదిలో ఉండి కూడా చూసుకోలేదు, అది నా తప్పు. తీగ మాత్రం ఈ పిల్లది. నాకు ఇన్నేళ్ళకీ తట్టలేదు."

ఇహ్సాన్ ఉద్యోగం ఆ వారమే ఖాయమైంది. నేడు మన చిత్రాలలో తీగ ఒక నక్షత్రం నుంచి మరొకదానికి స్వేచ్ఛగా సాగుతోందంటే, తన జీవితకాలపు శాసనాన్ని ఒక పిల్ల కోసం తానే సడలించిన ఆ తల్లి ఔదార్యమే అందుకు కారణం.

నేడు ఆమె పదవీ విరమణ చేస్తున్నారు; సోమవారం నుంచి ఆమె స్థానంలో ఇహ్సాన్ కూర్చుంటుంది. "అంత బరువు మోయగలదా, లల్లా?" అని అడిగితే, "దాని బదులు ముందే ఏడ్చి పెట్టడానికి నువ్వున్నావుగా!" అని నవ్వారు.

లల్లా బతూల్ గారూ, హమ్మాం స్నానశాలలో తడినేల మీద ఒంటరిగా నడవకండి; సందుల్లో గాడిదలు ఎదురొస్తే మీరే పక్కకు జరగండి. పరమ దయాళువైన అల్లాహ్ మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, దీర్ఘాయుష్షునూ, మనశ్శాంతినీ ప్రసాదించుగాక. మా అమ్మాయి ఇంకా ఎన్నో తప్పులు చేస్తుంది. అవన్నీ చూసి దాన్ని తీరిగ్గా మందలించేటంత ఓపిక మీకు కలకాలం ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.