అడక్కుండా తీసిన రక్తం

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో గోవింద్ సెల్‌ఫోన్ల షాపు. అక్క భారతి అతని పెళ్లికి ముహూర్తం రాయించుకుని వచ్చింది.

“మళ్లీ వాయిదా అంటావేటి? రక్తం ఆగని జబ్బు నయమైపోనాదని డాక్టరే సెప్పినాడు కదా.”

“నయమైనాదప్పా. ఆ జీన్ థెరపీ ఒక్కసారే ఎక్కించారు. ఏడాదైనాది, గెడ్డం గీసుకుంటే తెగినా రక్తం ఆగిపోతన్నాది.”

“మరింకేటి? నా కూతురు నీకేనని అది పుట్టిన్నాడే అనుకున్నాం.”

“నయమైంది నాకొక్కడికే. ఆ మందు లివరులోకే ఎల్తాది. నాకు పుట్టబోయే ఆడపిల్లలకి పాత జీనే ఎల్తాది.”

“పుట్టినప్పుడు సూసుకుందాం. ఆ మందే ఆళ్లకీ ఎక్కిస్తారు.”

“నాకంటే ట్రయల్లో ఉత్తినే ఇచ్చారు. సిన్నపిల్లలకి ఇవ్వకూడదన్నారప్పా.”

“ఇవన్నీ సాకులు. అరుణశ్రీ నీకు నచ్చలేదేటి?”

“అది కాదు.”

“మరేటి?”

“నేనే... ఒక తప్పుడు పని సేసాను. మొన్న దాన్ని ల్యాబుకి తీసుకెళ్లాను కదా.”

“స్కూటీ లైసెన్సుకి బ్లడ్ గ్రూపు కావాలన్నావు.”

“గ్రూపు కోసం కాదు. జీన్ టెస్టుకి పంపించాను. ఒప్పుకున్నట్టు కాగితం మీద దాని సంతకం నేనే పెట్టేసాను.”

“దానికి సెప్పకండా?”

“సెప్పకండానే. మావా మావా అని నమ్మి సెయ్యి సాపినాది. సిగ్గుతో సచ్చిపోతన్నాను. దానెదట పడలేక మీ ఇంటికి రావడం మానేసాను.”

“ఏటొచ్చినాది?”

“ఆ జీన్ దానికీ ఉన్నాది. దానికి జబ్బు రాదు గానీ పిల్లలకిస్తాది. మా ఇద్దరికీ పుడితే సగం మందికి రక్తం ఆగదు, ఆడపిల్లలకైనా.”

“ఊఁ.”

“ఊఁ అంటావేటి? నీలో ఉంటేనే దానికొచ్చినాది. నీకూ ఉన్నట్టే కదా?”

“ఎరికే.”

“ఏటెరిక?”

“నీకు ఊహ తెలీకముందు, నా కొడుక్కి పుట్టెంట్రుకలు తీసినప్పుడు కత్తి గాటు పడి, రెండ్రోజులు రక్తం కారి పోనాడు. నా నుంచే వచ్చిందని అప్పుడే డాక్టరు సెప్పినాడు.”

“ఎరికుండీ దాన్ని నాకిద్దామనుకున్నావా? ఒక్క ముక్క సెప్పకండా?”

“సెప్పలేదురా. నాకూ సిగ్గే. మా అత్త సచ్చేదాకా నన్ను కొడుకుని మింగినదానా అనే పిలిసినాది. బయటోళ్లకిస్తే నా కూతుర్నీ అలాగే అంటారు. నీ ఇంట్లో అయితే పిల్లడికి రక్తం కారినా, దాన్నొక మాట అనడానికి నీకు నోరు రాదని ఇద్దామనుకున్నాను.”