మణవూరు దాటినాక

(1982, ఆయుధపూజ సాయంత్రం. అంబత్తూరులో కంపెనీ పూజ చూసుకుని, తిరువాలంగాడు స్టేషన్‌లో బండి దిగి, ద్వారకనాథూ తొమ్మిదేళ్ల కూతురు కోకిలా చెరుకు తోటల పక్క బాటన ఊరికి నడుస్తున్నారు.)

"చెప్పను అన్నాను గదా నాయినా. మాటిచ్చినాను."

"ఎవురికిచ్చినావు మాట? ఆ మునెయ్యకా?"

"మునెయ్య మామకి."

"మామంట. మామ ఎప్పుట్నించి అయినాడు?"

"పొద్దున్నించి. కంపెనీ గేటు కాడ నువ్వే గదా అన్నావు, 'మామకి వణక్కం చెప్పు పాపా' అని."

"అది కంపెనీ మే. అక్కడ ఆయన ఫోర్‌మన్. నలుగురూ చూస్తాంటారు."

"ఇక్కడ?"

"ఇక్కడేముంది, ఇక్కడ మునెయ్య. బిరీన నడు, అవ్వ కాచుకోనుంటాది."

"నేను నడస్తానే ఉండాను. నువ్వే నిలబడి నిలబడి అడగతాండావు."

"అడక్క? బండిలో నా బిడ్డ చెవిలో ఇంకొకడు గుసగుసమంటాంటే, నా బిడ్డ గంగిరెద్దు మాదిరి తలకాయ ఊపతాంటే, నేను గాలి తాగతా కూచోవాల్నా? ఏం చెప్పినాడు?"

"మంచి మాటే చెప్పినాడు."

"ఓహో. నేను చెప్పేవన్నీ చెడ్డ మాటలు."

"ఈ పొద్దంతా నువ్వేం చెప్పినావు నాయినా? 'ఆడ నిలబడు, దాన్ని ముట్టబాక, నడు.' లేతు మిషనుకి కుంకం పెట్టేదానికి ఆయనే నన్ను ఎత్తుకున్నాడు."

"అది నా లేతు మే. పన్నెండేండ్లుగా నేను తిప్పేది. దానికి నా బిడ్డ కుంకం పెడితే ఎత్తుకోవాల్సింది నేను."

"నువ్వు అందురికీ శెనగల సుండలు పంచతాంటివి. ఆయన నిన్ను అడిగే ఎత్తుకున్నాడు గదా. 'ద్వారకన్నా, పాపని ఎత్తుకోనా' అంటే, 'సరి సార్' అన్నావు."

"అనక ఏం చేసేది? నేనే పిలుచుకోని పోయి చేర్పిస్తిని మే వాణ్ణి. వాళ్ల నాయిన మన కల్లం కాడ చేతులు కట్టుకోని నిలబడి, 'అయ్యా, పిలగాణ్ణి యాడన్నా చేర్పించండి' అంటే పాపమని చేర్పిస్తిని. ఇప్పుడు నాకు ఒక పూట లీవు కావాలంటే వాడు సంతకం పెట్టాల."

"వాడా? 'సార్' అనే మాట మణవూరులోనే దిగిపోయిందా?"

"నోరు శానా అయింది నీకు."

"ఆయన రాత్రి బడికి పోయి చదివి, ఫోర్‌మన్ పరీక్ష పాసైనాడంట గదా. నువ్వు రాయలేదా నాయినా?"

"ఆడ ముల్లుంది, చూసుకో."

"రాయలేదా?"

"రాసినాను. నడు."

"రాసినాక?"

"ఏంది అట్ల చూస్తావు? అంత మంచోడైతే పోయి వాళ్లింట్లోనే ఉండుపో."

"ఉండనిస్తావా?"

"ఏం మాటలు మే అవి? వాళ్లది ఊరి బయట కాలనీ, మనది ఊరు."

"అందుకేనా, ఆయన మనింటికొస్తే వాకిట్లోనే నిలబడేది? దప్పికంటే అవ్వ చెంబు ఇయ్యకుండా దోసిట్లోకి పైనించి పోసేది?"

"ముందునించీ అట్లే ఉంది. నేను పెట్టింది కాదు."

"కంపెనీలో ఆయన విబూది పెడితే నువ్వు తల వంచినావు."

"అది సామి విబూది."

"చెయ్యి ఆయనది గదా."

"పెద్దయితే నీకే తెలస్తాది."

"నీకు తెలుసునా?"

"బురద. గట్టు మింద రా."

"బండిలో యాడ మారతాది నాయినా?"

"ఏంది మారేది?"

"కంపెనీ అయిపోయి ఊరు వచ్చేది. ఆవడి కాడ్నా? తిరువళ్లూరులో గూడా ఆయన మన పక్కనే కూచోనుండాడు, నాకు శెనక్కాయలు వలిచిస్తా. కడంబత్తూరులో గూడా. మణవూరు రాంగానే లేచి తలుపు కాడికి పోయినాడు."

"గాలి కోసరం పోయింటాడు."

"కాదు. దిగినాక గూడా మనతో రాలేదు గదా. నువ్వు కిటికీలోంచి తల పెట్టి చూసినావు, మనూరోళ్లు ఎవురన్నా ఎక్కతాండారేమో అని. నువ్వు చూసేది చూసి ఆయన లేచినాడు. లేస్తానే నా చెవిలో చెప్పినాడు."

"అదే గదా, ఏం చెప్పినాడు అని నేను మొత్తుకునేది. సరే, వద్దులే. ఆ పొట్లం ఇట్లియ్యి."

"బొరుగులా? ఎందుకు?"

"పూజ కాడ వాడి చేత్తో కట్టిచ్చినవి. అవ్వ చూసిందంటే పొయ్యిలో పెడతాది, దాంతోపాటు నన్ను గూడా. ఈ కాలవలో పారేస్తాం. అవ్వ అడిగితే, మేనేజరు ఇచ్చినాడు, బండిలోనే తినేస్తిమి అను. పక్కన కూచున్నది, ఎత్తుకున్నది, ఏదీ అనబాక. నా బంగారు గదా."

"నాకు నవ్వొస్తాంది."

"ఏంటికి?"

"ఆయనా ఇదే చెప్పినాడు. అవ్వకి చెప్పొద్దనే."

"ఏం చెప్పొద్దంట?"

"దేవకత్త నాతో అనిన మాట."

"మునెయ్య పెండ్లామా? ఆమె ఆడోళ్ల పెట్టెలో గదా వచ్చింది, నీతో ఏం మాట్లాడింది? ఎప్పుడు మాట్లాడింది?"

"నువ్వు సుండలు పంచతాంటే. 'ద్వారకన్న కూతురా నువ్వు? మీ నాయినకి నా ఎండుచాపల పులుసంటే ప్రాణం, దినామూ ఆయనకని ఒక గిన్నె ఎక్కువే కట్టి పంపిస్తాను' అనింది. మామ వచ్చి ఆమెని కసురుకున్నాడు. నిజమా నాయినా?"

"వాడు... బండిలో ఏం చెప్పినాడు?"

"'మీ నాయిన మా గిన్నెలో తినేది మీ అవ్వ కాడ అనబాక పాపా, ఊర్లో ఆయన తలెత్తుకోలేడు' అన్నాడు. నాకు తెలుసనేది నీకు గూడా తెలియనీయబాక అన్నాడు, నీ మొగం చిన్నబోతాదంట. అందుకే తల ఊపినాను. ఇదో పొట్లం. పారేస్తే పారేయి. అవ్వకి నేనేదీ చెప్పనులే. నువ్వూ నీ కోసరమే వద్దంటాండావు, ఆయనా నీ కోసరమే వద్దన్నాడు."